రికార్డు గదిని కంప్యూటర్‌లోకి ఎక్కించిన పని: ఒక కేస్ స్టడీ

పంపులు, మోటార్లు అమ్మి, తర్వాత వాటి సర్వీసు కూడా తామే చూసుకునే ఒక మధ్యతరహా సంస్థ. పేరు అనవసరం. పదిహేనేళ్లకు పైబడిన కాగితాలు ఒక గదిలో ఉన్నాయి: సేల్ బిల్లులు, కొనుగోలు బిల్లులు, డెలివరీ చలాన్లు, సర్వీసు రిపోర్టులు, డీలర్‌షిప్ ఒప్పందాలు, జీతాల రిజిస్టర్లు, ఇంకా ఎందుకు దాచారో ఎవరికీ గుర్తులేని కొటేషన్లు. ఈ మొత్తానికీ ఇండెక్స్ అంటూ ఉన్నది ఒక్కటే, అకౌంట్స్ చూసే పెద్దాయన జ్ఞాపకశక్తి. ఆయన రిటైర్ అవుతున్నారు. యజమాని టెన్షన్ అంతా అక్కడే ఉంది. కానీ నన్ను పిలిచి చెప్పింది మాత్రం "అన్నీ స్కాన్ చేసి పడేయండి, గది ఖాళీ అయితే చాలు" అని.

అలాంటి పనికి నేను ఒప్పుకోను. స్కాన్ ఒకటి, స్కాన్ రెండు అంటూ వేలకొద్దీ ఫైళ్లున్న ఫోల్డర్ కంటే దుమ్ము పట్టిన గదే నయం. గదిలో కనీసం ఏ అట్టపెట్టె ఏ సంవత్సరానిదో పైన మార్కర్‌తో రాసుంటుంది, పెట్టె తెరిస్తే కాగితం రంగును బట్టి బిల్లా చలానా అన్నది దూరం నుంచే తెలుస్తుంది. ఫోల్డర్‌లో ఆ ఆధారం కూడా పోతుంది. అందుకే స్కానర్ గురించి మాట్లాడేముందు కొన్నాళ్లు ఆ పెద్దాయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటానని అడిగాను. ఇదేం పని అన్నట్టు చూశారు గానీ ఒప్పుకున్నారు.

ఎవరు ఏమని అడుగుతున్నారు

కూర్చుని చేసిందల్లా ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడమే. పాత కాగితం కోసం ఎవరు వచ్చారు, ఏ మాటలతో అడిగారు, పెద్దాయన దాన్ని ఎలా వెతికారు, చివరికి ఏ కాగితం ఇచ్చారు. సర్వీసు వాళ్లు వచ్చి "ఈ మోటారు సీరియల్ నంబర్ ఇదండీ, వారంటీ ఉందా లేదా" అంటారు. కస్టమర్ ఫోన్ చేసి "రెండేళ్ల కిందట మీ దగ్గరే కొన్నాం, బిల్లు పోయింది, కాపీ కావాలి" అంటాడు. ఆడిటర్ "ఫలానా సప్లయర్ బిల్లులు ఈ మూడు నెలలవీ కావాలి" అంటాడు. నేను కూర్చున్నన్నాళ్లూ బిల్లు నంబర్ చెప్పి బిల్లు అడిగినవాళ్లు దాదాపు లేరు. ఆలోచిస్తే అంతే కదా, బిల్లు నంబర్ తెలిసినవాడి చేతిలో మామూలుగా ఆ బిల్లు ఉండనే ఉంటుంది. కానీ గదిలో కాగితాలన్నీ పేర్చింది మాత్రం బిల్లు నంబర్ వరసలో.

మరి ఈయన ఎలా దొరకబుచ్చుకుంటున్నాడు? అడిగితే నవ్వి, "సీరియల్ నంబర్ మొదట్లో అక్షరాలు చూడు బాబూ, అది తయారైన ఏడాది తెలిసిపోతుంది. సరుకు మన దగ్గరికొచ్చి అమ్ముడవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ నెలల కట్టలు తీస్తా, చిన్న మోటారైతే పైన, పెద్దదైతే లెటర్‌హెడ్ బిల్లు కాబట్టి వేరే ఫైల్లో" అన్నారు. ఈ లెక్క ఎక్కడా రాసి లేదు. ఏ కంపెనీ సరుక్కి ఏ అక్షరం ఏ ఏడాదో ఆయన చెబుతుంటే అక్కడే ఒక పట్టికగా రాసుకున్నాం. మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన కాగితం అదేనని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత సీరియల్ నంబర్లు టైప్ చేసినప్పుడు తప్పులు పట్టడానికీ అదే పనికొచ్చింది, ఎందుకంటే బిల్లు తేదీకంటే తర్వాత తయారైన మోటారు అని లెక్క తేలితే ఎక్కడో ఒక అక్షరం తప్పు పడిందన్నమాట.

ఇండెక్స్‌లో ఏముండాలో ఈ నోట్‌బుక్ చూసే తేల్చాం. సేల్ బిల్లుకు తేదీ, కస్టమర్, ఫోన్ నంబర్, మెషీన్ సీరియల్ నంబర్, బిల్లు నంబర్. కొనుగోలు బిల్లుకు తేదీ, సప్లయర్, బిల్లు నంబర్. సర్వీసు రిపోర్టుకు తేదీ, సీరియల్ నంబర్, అంతే. మేనేజర్ గారికి ఇది చాలలేదు. మోడల్, హార్స్‌పవర్, సేల్స్‌మన్ పేరు, లారీ నంబర్, మొత్తం, డిస్కౌంట్... "ఎలాగూ చేస్తున్నాం కదండీ, పెట్టేస్తే పోలా" అన్నారు. పోదు. ఒక్కో ఫీల్డ్ ప్రతి కాగితానికీ ఎవరో ఒకరు కూర్చుని కొట్టాలి, తర్వాత ఇంకొకరు సరిచూడాలి. ఇలాంటి పనిలో ఖర్చంతా అక్కడే, స్కానర్‌లో కాదు. నోట్‌బుక్‌లో ఎవరూ అడగని సంగతికి ఫీల్డ్ లేదని గట్టిగా నిలబడ్డాను. మొత్తం ఎంతో తెలియాలంటే బిల్లు తెరిస్తే కనపడుతుంది.

ఏది స్కాన్ చేయకూడదు

కాగితాలను మూడు గుట్టలు చేశాం. స్కాన్ చేయాల్సినవి. గడువు తీరేదాకా కాగితంగానే ఉంచి ఆ తర్వాత తీసేయాల్సినవి. ఇప్పుడే తీసేయదగినవి. కొటేషన్లు, ఒకే బిల్లు మూడో నాలుగో కాపీలు, బిల్లుతో కలిసిపోయిన చలాన్లు చాలావరకు మూడో గుట్టలోకి పోయాయి. ఏ రికార్డు ఎన్నేళ్లు ఉంచాలన్నది చట్టాన్ని బట్టి, పన్ను నియమాల్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ జాబితా ఆడిటర్ చేతా లాయర్ చేతా చూపించి, సంతకం పెట్టించి గాని ఒక్క కట్ట కూడా కదిలించలేదు. ఇక్కడ మొహమాటం పనికిరాదు. రేపు ఏదైనా తేడా వస్తే వేళ్లన్నీ స్కాన్ చేసినవాడి వైపే చూపిస్తాయి.

ఒప్పందాలు, హామీ పత్రాలు, స్టాంపు పడి సంతకాలున్న కాగితాలు స్కాన్ చేశాం గానీ అసలువి కూడా అలాగే ఉంచాం. స్కాన్ కాపీ అనేది చూసుకోవడానికి. అసలు పత్రం చూపించమని అడిగే సందర్భాలు ఉంటాయి, అప్పుడు పీడీఎఫ్ పట్టుకుని నిలబడితే లాభం లేదు.

పిన్నులు, మడతలు, వెలిసిపోయిన రశీదులు

అందరూ స్కానర్ స్పీడు అడుగుతారు. నిమిషానికి 60 పేజీలని డబ్బా మీద రాసుంటే గంటకు 3600 అని లెక్కేసుకుంటారు. అలా ఎక్కడా జరగదు. స్టేపుల్ పిన్నులు పీకాలి, అదీ కాగితం చిరగకుండా. మడతలు సాపు చేయాలి. చిరిగిన అంచులకు కాగితం టేపు వేయాలి. బిల్లుకు గుచ్చిన చిన్న చీటీ మీద కస్టమర్ రెండో ఫోన్ నంబరో, "ఫలానా వాళ్ల తమ్ముడు" అనో రాసుంటుంది, అది విడిపోయిందంటే ఇక ఏ బిల్లుదో తేలదు, కాబట్టి చీటీని తెల్ల కాగితానికి అంటించి బిల్లు వెనకే పెట్టాలి. ఈ పనికి ఇద్దర్ని పెట్టినా స్కానర్ సగం టైము ఖాళీగానే ఉంది. కాబట్టి డబ్బులుంటే ఇంకా వేగంగా తిరిగే స్కానర్ మీద పెట్టొద్దు, సిద్ధం చేసే బల్ల దగ్గర ఇంకో మనిషి మీద పెట్టండి.

థర్మల్ రశీదులు ముందు చేయించాను. వాటిలో సిరా ఉండదు, వేడికి రంగు మారే పూత మీద అక్షరాలు పడతాయి, అవి వేడికీ వెలుతురుకీ మెల్లగా మాయమవుతాయి. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచామనుకుంటారు గానీ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే రసాయనాలే ఆ అక్షరాలను ఇంకా తొందరగా తినేస్తాయి, టేపు జిగురూ అంతే. వీళ్ల దగ్గర లారీ కిరాయి రశీదులు కొన్ని అప్పటికే ఉత్త కాగితాలు. కార్బన్ లేని కాపీ కాగితాల మీది లేత నీలం రాత కూడా ఇలాగే పలచబడుతుంది, దాన్ని తర్వాత చూద్దాం అని వదిలేయకూడదు.

నలుపు తెలుపా, గ్రేనా

రిజల్యూషన్ 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు. దీని మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు, అచ్చు అక్షరాలను కంప్యూటర్ చదవడానికి అది సరిపోతుంది. చర్చంతా రంగు మీదే. ఏ4 కాగితం 300 డీపీఐ దగ్గర 2480 బై 3508 పిక్సెళ్లు. కుదించకుండా లెక్కేస్తే ఉత్త నలుపు తెలుపులో దాదాపు 1.1 ఎంబీ, గ్రేలో, అంటే బూడిద ఛాయలు కూడా ఉంచే పద్ధతిలో, 8.7 ఎంబీ, రంగుల్లో 26 ఎంబీ. ఈ అంకెలు చూడగానే ఎవరికైనా నలుపు తెలుపు చేద్దామనే అనిపిస్తుంది. పైగా స్క్రీన్ మీద చూస్తే అదే శుభ్రంగా, స్పష్టంగా కనపడుతుంది. కానీ ఆ శుభ్రం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి: స్కానర్ ఒక హద్దు పెట్టుకుని అంతకంటే లేతగా ఉన్నదాన్నంతా తెలుపు చేసేస్తుంది. పెన్సిల్‌తో రాసిన "బాకీ ఉంది", కాపీ కాగితం మీది లేత సీరియల్ నంబర్, సగం పడిన రబ్బరు స్టాంపు, ఇవన్నీ తెలుపులో కలిసిపోతాయి. మేం అన్నీ గ్రేలో, స్టాంపులూ రంగు సంతకాలూ ఉన్నవి రంగుల్లో చేశాం. జేపెగ్ కుదింపు తర్వాత పేజీ కొన్ని వందల కేబీలకు వచ్చింది. ఇవాళ్టి డిస్కులకు అదొక లెక్క కాదు.

కుదింపు సెట్టింగుల్లో ఒకటి మాత్రం నేను ఏ మెషీన్ మీదైనా ముందు వెతికి ఆపేస్తాను. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఇంటి ప్లాన్‌ను జిరాక్స్ వర్క్‌సెంటర్ మెషీన్‌లో స్కాన్ చేస్తే గదుల కొలతలు మారిపోయిన సంగతి బయటపెట్టాడు. 21.11 చదరపు మీటర్లని రాసున్న గది స్కాన్‌లో 14.13 అని వచ్చింది. కారణం జేబిగ్2 అనే కుదింపు పద్ధతి. అది పేజీలో ఒకేలా ఉన్న ముక్కల్ని ఒక్కసారే దాచుకుని మిగతా చోట్లా అదే అతికిస్తుంది, 6కీ 8కీ తేడా సరిగ్గా పట్టుకోలేకపోతే ఒకదాని చోట ఇంకోటి పడుతుంది. ఇందులో భయపెట్టేది ఏంటంటే అక్షరం మసకబారదు. మామూలు కుదింపు పాడుచేస్తే చూసినవాడికి పాడైందని తెలుస్తుంది, ఇక్కడ తప్పు అంకె చక్కగా, పదునుగా కూర్చుంటుంది. జిరాక్స్ తర్వాత సవరణ విడుదల చేసింది, నష్టం రాని పద్ధతిలో జేబిగ్2 వాడితే ఈ ఇబ్బంది లేదు. అయినా డబ్బు లెక్కలున్న కాగితాల మీద "అతి చిన్న ఫైలు" అనే సెట్టింగ్ ఎందుకు పెట్టుకోవాలి? ఈ కథ చెప్పాక ఫైల్ సైజు గురించి మేనేజర్ గారు మళ్లీ మాట్లాడలేదు.

లెక్క తేలాల్సిందే

ప్రతి కట్ట పైన ఒక బార్‌కోడ్ కాగితం, దాని మీద కట్ట నంబర్, చేత్తో లెక్కపెట్టి రాసిన కాగితాల సంఖ్య. స్కాన్ అయ్యాక రెండు లెక్కలూ కలవాలి, కలవకపోతే కట్ట మొత్తం మళ్లీ. కలవకపోవడానికి మామూలు కారణం రెండు కాగితాలు అంటుకుని ఒకేసారి వెళ్లిపోవడం. దీన్ని పట్టడానికి స్కానర్‌లో అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉంటుంది. కానీ చీటీ అంటించిన కాగితాన్ని కూడా అది రెండు కాగితాలనే అనుకుని ఆగిపోతుంది. ఆపరేటర్ ఒకసారి చూస్తాడు, రెండుసార్లు చూస్తాడు, చిరాకేసి సెన్సర్ ఆపేస్తాడు, మళ్లీ వేయడం మర్చిపోతాడు. అందుకని చీటీలున్న కాగితాలకు వేరే కట్ట కట్టి, సెన్సర్ ఆపి నడిపేది ఆ కట్ట వరకే అని పెట్టుకున్నాం.

ఖాళీ పేజీలు తీసేసే సదుపాయం కూడా అంతే. ఎక్కువ బిల్లుల వెనక ఏమీ ఉండదు కాబట్టి ఆన్ చేయాలనిపిస్తుంది. వీళ్ల దగ్గర మాత్రం బిల్లు వెనకే పెన్సిల్‌తో వాయిదాలు రాసుకునే అలవాటు, మెషీన్ దృష్టిలో అది ఖాళీ పేజీ. ఆపించేశాం. ఇక కాగితం కదులుతూ వెళ్లే స్కానర్లలో గాజు మీద ఒక్క దుమ్ము రేణువు కూర్చుంటే ఆ తర్వాత ప్రతి పేజీ మీదా పైనుంచి కిందకు సన్నగా ఒక గీత పడుతుంది. అది సరిగ్గా అంకెల గళ్ల మీదుగా పోతే అంకెను తప్పుగా చదివే ప్రమాదం ఉంటుంది. కట్ట కట్టకీ గాజు తుడవడమే మందు.

చదవడం, టైపు చేయడం

అచ్చు బిల్లులను టెసరాక్ట్ అనే, బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో చదివించాం. మొదట హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయిన ఇంజిన్ అది, తెలుగు కూడా చదువుతుంది. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఉచిత సాధనం దాన్నే వాడుకుని, వంకరగా వచ్చిన పేజీలను సరిచేసి, బొమ్మ వెనక వెతకగలిగే అక్షరాల పొర పెట్టి పీడీఎఫ్/ఏగా, అంటే ఎక్కువకాలం దాచుకోవడానికి ఉద్దేశించిన పీడీఎఫ్‌గా ఇస్తుంది. సప్లయర్ల అచ్చు బిల్లులకు ఇది బాగా సాయపడింది. చేత్తో రాసిన సర్వీసు రిపోర్టుల్ని మాత్రం దానికి వదల్లేదు.

సీరియల్ నంబర్లు ఎక్కువగా చేత్తో రాసినవే, అన్నిటికంటే ఎక్కువగా వెతికేదీ వాటితోనే. ఓ అక్షరమా సున్నానా, ఐ అక్షరమా ఒకటా, ఎస్సా ఐదా, బీయా ఎనిమిదా? ఒక్కటి తప్పితే ఆ బిల్లు ఇక లేనట్టే లెక్క. ఇద్దరు ఒకరిది ఒకరు చూడకుండా టైపు చేశారు, తేడా వచ్చినవి మూడో మనిషి బొమ్మ చూసి తేల్చాడు, ఆ పైన పెద్దాయన పట్టికతో తేదీలు సరిపోల్చాం. మిగతా ఫీల్డులకు ఇంత చాకిరీ చేయలేదు. అన్నిటికీ ఒకే శ్రద్ధ పెట్టబోతే ఏదీ పూర్తికాదు.

పేర్ల దగ్గర ఇంకో తలనొప్పి. ఒకే సంస్థ పేరు ఒక బిల్లులో పూర్తిగా, ఇంకో బిల్లులో పొడి అక్షరాల్లో, మరో చోట యజమాని పేరుతో ఉంటుంది. సప్లయర్లకూ కస్టమర్లకూ ఒక మాస్టర్ జాబితా, ఒక్కొక్కరికి ఒక కోడ్ పెట్టి, టైపు చేసేవాళ్లు జాబితాలోంచి ఎంచుకునేలా చేశాం.

ఫైళ్ల సంగతి టూకీగా

ఫైల్ పేరులో ముందు తేదీ, అదీ సంవత్సరం-నెల-రోజు వరసలో, తర్వాత కాగితం రకం, తర్వాత నంబర్. 2016-07-14 అని మొదలైతే కంప్యూటర్ దానంతటదే కాలక్రమంలో పేరుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకనాటికి మారుతుంది, పేరు మాత్రం ఫైల్‌తోనే ఉంటుంది. అందుకే డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న, ఫైళ్లూ ఇండెక్సూ కలిపి సీఎస్‌వీగా, అంటే ఎక్కడైనా తెరుచుకునే సాదా పట్టికగా బయటికి తీసి చూపిస్తారా అని. నీళ్లు నమిలితే ఆ మాట అక్కడితో సరి.

పీడీఎఫ్/ఏ అనేది ఐఎస్ఓ 19005, 2005లో వచ్చిన ప్రమాణం. ఫాంట్లన్నీ ఫైల్లోనే ఉండాలి, ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా మార్చడం) ఉండకూడదు అన్నవి దాని నియమాల్లో కొన్ని. అంటే జీతాల రికార్డులకు పీడీఎఫ్ పాస్‌వర్డ్ పెట్టుకుని భద్రం అనుకోవడం ఇక్కడ కుదరదు. వాటికి వేరే ఫోల్డర్, దాన్ని ముగ్గురే తెరవగలిగేలా అనుమతులు, డిస్కుకే ఎన్‌క్రిప్షన్. బ్యాకప్ మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. ప్రతి ఫైల్‌కూ షా-256 చెక్‌సమ్, అంటే ఫైల్లో ఏది మారినా మారిపోయే ఒక గుర్తు సంఖ్య, తీసి ఉంచాం, కాపీ చెడితే తెలియాలి కదా. బ్యాకప్ నుంచి ఒక ఫోల్డర్ వెనక్కి తెచ్చి నిజంగా తెరుచుకుంటోందా అని చూసింది కూడా ఇందులో భాగమే, చాలామంది వదిలేసేది ఇదే.

పెద్దాయనతో పోటీ

పని అయ్యాక పరీక్షకు మళ్లీ ఆ నోట్‌బుక్కే తీశాం. పాత ప్రశ్నలు ఒక్కొక్కటే చదివి, సర్వీసు డెస్క్‌లో కొత్తగా చేరిన కుర్రాణ్ని కంప్యూటర్‌లో వెతకమన్నాం, పెద్దాయన గదిలోకి వెళ్లి వెతికారు. సీరియల్ నంబర్ ప్రశ్నలన్నిటికీ ఆయన కట్ట విప్పేలోపు కుర్రాడి స్క్రీన్ మీద బిల్లు ఉంది. ఆడిటర్ ప్రశ్నలకు కూడా అంతే. ఆపైన "ఆ ఆయిల్ మిల్లు వాళ్ల మోటారు, మనం రెండుసార్లు మార్చి ఇచ్చాం చూడు" అనే ప్రశ్న వచ్చింది. బిల్లు మీద ఆయిల్ మిల్లు అనే మాటే లేదు, ఎవరిదో వ్యక్తి పేరుంది. కుర్రాడు ఎన్ని రకాలుగా కొట్టినా రాలేదు. పెద్దాయన చేతిలో కాగితంతో వచ్చి, "ఏం బాబూ, మీ మెషీన్‌కి ఆయిల్ మిల్లు తెలీదా?" అన్నారు.

తెలియకపోవడం నిజమే. కస్టమర్ మాస్టర్ జాబితాలో "వాడుక పేరు" అని ఒక గడి చేర్చి, ఆయన రిటైరయ్యే లోపు జాబితా మొత్తం ఆయన ముందు పెట్టి ఒక్కొక్కరి గురించి చెప్పించాం. మిల్లు వాళ్లు, మూల మీది వర్క్‌షాపు, ఇద్దరన్నదమ్ముల్లో చిన్నవాడు, ఇలా. నోట్‌బుక్‌లో ఎవరూ అడగని సంగతికి ఫీల్డ్ లేదన్న నా నియమం ప్రకారమే ఈ గడి వచ్చింది, ప్రశ్న నోట్‌బుక్‌లోనే ఉంది మరి.

కాగితాలను వెంటనే ముక్కలు చేయలేదు. ఇండెక్స్‌లో కట్ట నంబర్ కూడా ఉంది కాబట్టి స్కాన్‌లో అనుమానం వస్తే అసలు కాగితం తీసి చూసుకోవచ్చు. ఆడిటర్ ఒప్పుకున్నాక, గడువు తీరినవి మాత్రమే పోతాయి, అదీ కాగితాలు ముక్కలు చేసే ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 21964 ప్రకారం పీ-4 స్థాయిలో, అంటే ముక్క 160 చదరపు మిల్లీమీటర్లకు మించకుండా. ఫోన్ నంబర్లున్న కాగితాలను పాత పేపర్ల వాడికి వేసే అలవాటు ఎవరికున్నా మానుకోవాలి.

కొత్త బిల్లులకు ఒక తేదీ నుంచి పద్ధతి మార్చాం. బిల్లు చేసేటప్పుడే సీరియల్ నంబర్ కొట్టకపోతే ప్రింట్ రాదు, వచ్చిన కాగితాలు ఏ రోజువి ఆ రోజే స్కాన్. మొదట్లో కౌంటర్ వాళ్లు గొణిగారు, రద్దీ రోజున మరీ. బైండు చేసిన జీతాల రిజిస్టర్లు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని కోసి ఫీడర్లో వేయడానికి నేను ఒప్పుకోలేదు, పైనుంచి ఫొటో తీసే స్కానర్ అద్దెకు తెచ్చేంత అవసరం కూడా లేదు, ఎవరైనా అడిగినప్పుడు ఆ పేజీ ఒక్కటి ఫ్లాట్‌బెడ్, అంటే గాజు పలక స్కానర్ మీద తీస్తున్నారు. సర్వీసు వాళ్లు ఇప్పుడు మోటారు నేమ్‌ప్లేట్ ఫొటో కూడా రిపోర్టుకు జతచేయొచ్చా అని అడుగుతున్నారు. నేమ్‌ప్లేట్ మీద సీరియల్ నంబర్ అచ్చులో ఉంటుంది కాబట్టి దానికి నేను సరే అన్నాను.